చిన్నాయన సీరంలో వెలుతురు

నేను వెలుతురును కొలిచి బతికేవాణ్ని. ఆ వెలుతురును ఇంతవరకు నా కళ్లతో చూసింది లేదు.

ఆదోనిలో మా ల్యాబు ఒక మందుల అంగడి పైన ఉంది. మూడు గదులు. మూడో గదిలో, ఏసీ కింద, బీరువాను పడుకోబెట్టినంత మెషీన్ ఒకటుంది. వచ్చినవాళ్ల రక్తం తీసి, గిర్రున తిప్పి, పైకి తేలిన పసుపుపచ్చ సీరాన్ని దానికి అందిస్తాం. మిగతా పనంతా అది తన కడుపులో, చీకట్లో చేసుకుంటుంది. మనం ఏ ప్రోటీన్ కోసం వెతుకుతున్నామో దాన్ని పట్టుకునే సన్నటి రేణువుల్ని ముందు సీరంలో కలుపుతుంది. ప్రోటీన్ ఉంటే వాటికి అతుక్కుంటుంది. దాని మీదికి ఎంజైమ్‌ను మోసుకుంటూ ఇంకొకటి వచ్చి అతుక్కుంటుంది. అతుక్కోనిదంతా కడిగి పారబోసి, చివరగా ఒక ద్రావకం పోస్తుంది. ఎంజైమ్ తగిలితే ద్రావకం వెలుగుతుంది. మనిషి కంటికి ఆనని వెలుగు. మెషీన్‌కు మాత్రం ఆనుతుంది. లెక్కపెట్టి, అంకె చేసి తెర మీద వేస్తుంది. ప్రోటీన్ ఎక్కువుంటే వెలుగు ఎక్కువ. లేకుంటే చీకటి.

ఇది మొదటిసారి విన్నప్పుడు ఆశ్చర్యపడే ఉంటాను. గుర్తు లేదు. ఇప్పుడు ఆ అంకెలు నాకు మార్కెట్ యార్డులో పత్తి రేట్ల లాంటివి. ఎవరికి పెరిగింది, ఎవరికి తగ్గింది చూస్తాను, సంతకం పెడతాను, కవరులో పెడతాను. కవరు తీసుకుని మెట్లు దిగేవాళ్ల వీపులు చూడటం ఎప్పుడో మానేశాను.

థైరాయిడ్‌కనో ఇంకోదానికనో వచ్చేవాళ్లకు ఎంతో కొంత వెలుగు ఉండాలి. ఉండాల్సినంత ఉంటే మంచిది. మా చిన్నాయనకు మాత్రం చీకటే కావాలి.

చిన్నాయన అంటే మా నాయన తమ్ముడు. మా నాయన తొందరగా పోతే నన్ను పెంచింది ఆయనే. ఎమ్మిగనూరులో మగ్గాల వీధి మొగదల కిరాణా అంగడి పెట్టుకున్నాడు. ఇప్పటికీ ఆయనే కూర్చుంటాడు. రెండేళ్ల కిందట ఆయనకు ప్రోస్టేట్ గ్రంథిలో క్యాన్సర్ అని తేలితే హైదరాబాదులో గ్రంథిని మొత్తం తీసేశారు. ఆ గ్రంథి పీఎస్ఏ అనే ప్రోటీన్‌ను తయారు చేస్తుంది. గ్రంథే లేనప్పుడు ప్రోటీన్ కూడా ఉండకూడదు. ఉంటే, ఆ జబ్బు ఒంట్లో ఎక్కడో ఓ మూల మిగిలి ఉన్నట్టు. అందుకే మూడు నెలలకొకసారి పొద్దున బస్సుకు ఆదోని వచ్చి, నా దగ్గరే రక్తం ఇచ్చి, ఫలితం చూసుకుని పోతాడు. ఆపరేషన్ అయినప్పటి నుంచి ప్రతిసారీ చీకటే వచ్చింది.

ఆపరేషన్ తర్వాత ఆయన్ను చూస్తున్న కర్నూలు డాక్టరు ముందే చెప్పి పెట్టాడు. అంకె పాయింట్ రెండు దాటిందంటే కరెంటు పెట్టించడం గురించి ఆలోచించాలని. రేడియేషన్‌ను మా వైపు కరెంటు అనే అంటారు. చిన్నాయనకు ఆ మాట కొత్తది కాదు. చిన్నమ్మకు రొమ్ము క్యాన్సర్ వచ్చినప్పుడు వారాల తరబడి కరెంటు పెట్టించాడు. ఆమె లోపలికి పోయేటప్పుడు చెప్పులు బయట విడవాలి. ఎవరైనా వేసుకుపోతారేమోనని ఆ చెప్పులు సంచిలో పెట్టుకుని, సంచి ఒళ్లో పెట్టుకుని రోజూ ఆ గది బయట కూర్చునేవాడు. చివరికి చెప్పులే మిగిలాయి. ఆయన ఆపరేషన్ టేబుల్ ఎక్కే ముందు నాతో అన్నది ఒకటే మాట.

"కోత యాడైనా పెట్టనీ. కరెంటు మాత్రం నాకొద్దురా అబ్బీ."

సరేనన్నాను. అది నా చేతుల్లో ఉన్నట్టు.

ఇక నా తెలివి సంగతి చెప్పాలి.

చిన్నాయన అంగట్లో శనగనూనె డబ్బా అయిపోయిందంటే నిజంగా అయిపోయినట్టు కాదు. కొత్త డబ్బా మూత కోసి, దాని మీద పాతదాన్ని బోర్లించి, తెల్లవారేదాకా అలాగే వదిలేయాలి. అడుగునున్న నూనె చుక్క చుక్కగా కొత్తదాంట్లోకి దిగుతుంది. బెల్లమైనా అంతే, చింతపండైనా అంతే. పాతదాని అడుగు కొత్తదాని నెత్తిన పడాల్సిందే. అలా చేయకుండా డబ్బా పక్కన పెట్టినవాడు ఆ ఇంట్లో అన్నానికి కూర్చోలేడు. నేను పుస్తకాలు చదివి, ల్యాబు పెట్టి, తెల్ల కోటు వేసుకున్నాను గానీ నా చేతులు మాత్రం ఆ అంగడివే.

మెషీన్ అమ్మడానికి వచ్చిన కంపెనీ మనిషి ద్రావకం సీసా చూపించి, "సార్, ఇది అడుగంటితే మిగిలింది పారబోయండి. కొత్త సీసాలో మాత్రం కలపకండి" అని రెండుసార్లు చెప్పాడు. ఆ సమయంలో నేను మెషీన్‌తో పాటు బ్యాటరీ, ఒక కుర్చీ, వీలైతే గోడ గడియారం ఊరికే రాబట్టే పనిలో ఉన్నాను. తల ఊపాను. బేరంలో ఉన్నవాడు దేనికైనా తల ఊపుతాడు. గడియారం వచ్చింది. మాట పోయింది.

ఆ తర్వాత ఎన్నిసార్లో కలిపాను. ఏమీ కాలేదు. ఏమీ కాలేదు కాబట్టి అది తప్పన్న సంగతే మరిచిపోయాను.

ఈ మధ్య ఒక మంగళవారం సాయంత్రం కూడా అదే పని చేశాను. చాలా రోజులుగా తెరిచి ఉన్న సీసాలో అడుగున కాస్త మిగిలితే, కొత్త సీసా మూత తీసి, దాంట్లోకి వంపి, చివరి చుక్క కోసం మూతిని వేలితో తుడిచాను కూడా. ఆ వేలే కొంప ముంచి ఉంటుంది. ఆ ద్రావకాన్ని వెలిగించే ఎంజైమ్ మనిషి చర్మం మీద కూడా ఉంటుంది.

శుక్రవారం పొద్దున చిన్నాయన వచ్చాడు. తెల్ల పంచె, భుజాన తువ్వాలు, చేతిలో గుడ్డ సంచి. సంచిలో నా కోసం వేయించిన శనగలు. మా ల్యాబులో పనిచేసే ఆమె రక్తం తీసింది. ఆమె కోసిగి నుంచి రోజూ రైలుకు వస్తుంది; ఇద్దరు పిల్లల తల్లి; మెషీన్ సంగతి నాకన్నా ఆమెకే ఎక్కువ తెలుసు. చిన్నాయన ఎప్పటిలాగే ఆమెతో, "సూది సన్నగా ఉండేది తీయమ్మా, నాది పాత గోనెసంచి, సినిగిపోతాది" అన్నాడు. ఆమె ఎప్పటిలాగే నవ్వింది.

అరగంటకు తెర మీద అంకె వచ్చింది. పాయింట్ రెండు ఆరు.

మళ్లీ వేశాను. పాయింట్ రెండు ఏడు.

నాకేమీ అనిపించలేదు. ఇలాంటప్పుడు కాళ్ల కింద నేల కదిలిందని రాయాలేమో. నేల కదల్లేదు. ఏసీ లోంచి నీళ్లు కారుతున్నాయి, బకెట్టు కొంచెం జరిపి పెట్టాను. వీధిలో ఉల్లిగడ్డలు అమ్మేవాడి మైకు వినిపిస్తోంది. రేటు నిన్నటి కన్నా తక్కువ చెబుతున్నాడని గమనించాను.

బయటి గదిలోకి వచ్చేసరికి చిన్నాయన బెంచీ మీద కూర్చుని ఉన్నాడు.

"ఏంరా, ఈ తూరి ఎంత పలికింది?"

"ఇంకా రాలేదు చిన్నాయనా. మెషీన్ తిక్కతిక్కగా ఉంది ఈ పొద్దు."

"అట్లనా?"

"రేపు ఫోన్ చేసి చెప్తాలే. నువ్వు బస్సుకు పో."

ఆయన లేవలేదు. నా మెడ వైపు చూస్తున్నాడు.

"అబద్ధం సెప్పేటప్పుడు కాలర్ సర్దుకుంటావు నువ్వు, సిన్నప్పట్నించీ. అంగట్లో సక్కెర లేనప్పుడు నేనూ ఇట్లే అంటాంటి, లారీ దావలో ఉందని. సెప్పు. దాటిందా?"

"దాటింది."

"ఎంత?"

"పాయింట్ రెండు ఆరు."

తువ్వాలు భుజం మీద నుంచి తీసి, మడిచి, మళ్లీ విప్పి, మళ్లీ మడిచాడు. అంతే. తర్వాత, "పద, టీ తాగొద్దాం" అన్నాడు.

కిందికి దిగి తాగాం. ఆయన గ్లాసు చూసుకుంటూ తాగాడు. నేను రోడ్డు చూసుకుంటూ తాగాను. మంత్రాలయం బస్సొకటి నిండా మనుషులతో పోయింది. నేను కరెంటు గురించి ఏదో అనాలి. డాక్టర్లు ఇప్పుడు బాగా మెరుగుపడ్డారనో, చిన్నమ్మ జబ్బు వేరు, ఇది వేరనో. ఎవరికైనా ఏదైనా అంటగట్టగలనని నాకు పేరు. ఆ పొద్దు ఒక్క మాట కూడా అంటగట్టలేకపోయాను. టీ అంగడాయన వైపు తిరిగి చిన్నాయనే అన్నాడు:

"ఏమప్పా, సక్కెర బిగబట్టినావు. రేటు పెరిగిందా, పెండ్లాం తిట్టిందా?"

మేము పైకి వచ్చేసరికి కోసిగి ఆమె మూడో గది తలుపులో నిలబడి ఉంది.

"అన్నా, నాకు అనుమానమొచ్చి ఉత్త సెలైన్ వేసి చూస్తి. అదీ వెలుగుతాంది. పాయింట్ ఒకటి ఏడు వచ్చింది."

సెలైన్ అంటే వట్టి ఉప్పునీళ్లు. అందులో ఏ ప్రోటీనూ ఉండదు. చీకటి రావాలి.

ఆమే అంది: "ఉప్పునీళ్లకు ప్రోస్టేట్ ఉంటుందా అన్నా?"

నా బుర్ర అప్పుడే తక్కెట్లో పడింది. పాయింట్ రెండు ఆరులోంచి పాయింట్ ఒకటి ఏడు తరుగు తీసేశాను, నూనె తూకంలో డబ్బా బరువు తీసేసినట్టు. పాయింట్ సున్నా తొమ్మిది. పైకే అనేశాను. ఆమె ఒప్పుకోలేదు.

"తరుగు తీసేదానికి ఇదేమన్నా సింతపండా? కొత్త మందు పెట్టి మళ్లీ వెయ్యల్ల. ముందు నాకొకటి సెప్పు. మంగళారం నేను పోయేటప్పుడు సీసాలో అడుగున కొంచెం ఉండె. బుధారం వస్తే మూతి దాకా ఉండె. పాత సీసా సెత్తబుట్టలో ఉంది, నాకినట్టు ఖాళీగా. ఎవరు కలిపినారు?"

ఆ ల్యాబుకు తాళంచెవులు ఉన్నది మా ఇద్దరికే. నేను గడియారం వైపు చూశాను. చిన్నాయన నా వైపు చూశాడు. ఆయనకు సీసా గురించి ఏమీ తెలియదు. నా మొహం చూస్తే చాలు.

"వాడేలేమ్మా. ఇంకెవరు కలుపుతారు. నేర్పినోణ్ని నేను ఈడే ఉండాను కదా" అని నవ్వాడు. ఊపిరి తిప్పుకోలేనంతగా నవ్వాడు. కళ్లు తుడుచుకుని, "అంత సదువు సదివి, నూనె డబ్బా పని చేసినావంట్రా!" అన్నాడు.

నేను కూడా నవ్వాననుకుంటాను. తప్పు నాది అని తేలితే ఎవరికైనా సిగ్గుగా ఉండాలి. నాకు ఆశ పుట్టింది. ఎంత పెద్ద తప్పయితే అంత మంచిదని లోపల కోరుకున్నాను. ఆ వెలుగంతా నా వేలిదే కావాలని, ఆయన ఒంట్లోది ఒక్క చుక్క కూడా కాకూడదని.

నిజానికి మెషీన్ నాకు ముందే చెప్పింది. రోజూ పొద్దున ముందే అంకె తెలిసిన నమూనాలు రెండు వేసి చూస్తాం, తూకం రాళ్లు సరిచూసుకున్నట్టు. అందులో చిన్న అంకె వచ్చేది మూడు రోజులుగా పైకి జరుగుతూ హద్దు గీత దాకా వచ్చింది. గీత లోపలే ఉంది కదా అని నేను పోనిచ్చాను. ముల్లు కాస్త మన వైపు మొగ్గితే అంగట్లో ఎవరూ చూడనట్టే ఉంటారు.

నవ్వడం అయిపోయాక చిన్నాయన మొహం మారింది.

"అది సరేరా. మంగళారం నుంచి ఇంకెంతమందికి ఇచ్చినావు ఈ కాగితాలు?"

నేను దాని గురించి ఆలోచించలేదు. ఆయన గురించే ఆలోచిస్తున్నాను. అదే చెప్పాను.

"నా సంగతి పొద్దుమూకేలోగా తేలుతాదిలే. ముందు ఆ జనాన్ని సూడు."

ఒకసారి అంగట్లో ఒక నూనె డబ్బాకు కిరసనాయిలు వాసన పట్టింది. అప్పటికే సగం డబ్బా అమ్ముడుపోయింది. చిన్నాయన మగ్గాల వీధిలో ఇంటింటికీ పోయి, మగ్గం గుంటల్లో కూర్చుని నేస్తున్నవాళ్లను లేపి, గిన్నెల్లోని నూనె వెనక్కి పోయించుకుని వచ్చాడు. కూరలో పడిన నూనె గురించి కూడా అడిగాడు. అప్పుడు నాకది పిచ్చితనంగా అనిపించింది. అడగని వాళ్లకు కూడా ఎందుకు చెప్పడమని.

సీసా పారబోశాం. గొట్టాలన్నీ కడిగి, కొత్త సీసా పెట్టి, మెషీన్‌ను మొదటి నుంచి సరిచేశాం. వారం రోజుల సీరాలు ఫ్రిజ్‌లో దాచి ఉంచుతాం. ఆ మూడు రోజుల్లో చిన్న అంకెలు వచ్చినవాళ్లవి బయటికి తీసి మళ్లీ వేసింది ఆమె. పెద్ద అంకెల్లో నా వేలి మురికి కనిపించదు. చిన్నవాటినే అది చెడగొడుతుంది. ముగ్గురివి మారాయి.

ఫోన్లు నేను చేశాను. చిన్నాయన పక్కన కూర్చున్నాడు. మొదటిది నందవరంలో ఒక పంతులమ్మకు. థైరాయిడ్ మాత్రలు మార్చుకోబోతోంది. "మేడమ్, మా మెషీన్‌లో చిన్న పొరపాటు…" అంటుండగా చిన్నాయన నా మోకాలి మీద తట్టాడు.

"మెషీన్‌దంటావేంరా? నీదని సెప్పు."

చెప్పాను. ఆమె, కొత్త కాగితం వాట్సాప్‌లో పంపండి అంది. మంత్రాలయంలో ఒక అర్చకుల ఇంటావిడ, ఇంకా డాక్టరు దగ్గరికి పోలేదు, మంచిదే అయింది అంది. మూడో మనిషిది కోసిగి. పనికోసం బెంగుళూరు బస్సెక్కేశాడు. ఫోన్ సరిగా వినిపించక మూడుసార్లు అరిచి చెప్పాల్సి వచ్చింది. చివరికి ఆయన, "అంటే నాకు రోగముందా లేదా అన్నా, ఒక్క మాటలో సెప్పు" అన్నాడు. లేదన్నాను. బస్సులో పక్కవాళ్లకు ఆ సంగతి గట్టిగా చెప్పడం వినిపించింది.

మధ్యాహ్నం మూడు దాటాక సెలైన్‌కు చీకటి వచ్చింది. తెలిసిన నమూనాలు రెండూ తమ చోట నిలబడ్డాయి. అప్పుడు చిన్నాయన సీరం పెట్టింది ఆమె. అది తిరుగుతున్నంతసేపు ఆమె, నేను ఆ గదిలోనే ఉన్నాం. చిన్నాయన బయట బెంచీ మీద శనగలు నములుతూ, రక్తం ఇవ్వడానికి వచ్చిన ఒక పెద్దాయనతో కందిపప్పు గురించి వాదిస్తున్నాడు.

పాయింట్ సున్నా ఎనిమిది.

ఆమె నా వైపు చూడకుండా రెండోసారి పెట్టింది. పాయింట్ సున్నా ఎనిమిదే.

ఇంతకాలం ఆయన సీరంలో మెషీన్ ఏమీ చూడలేకపోయింది. ఇప్పుడు చూస్తోంది. చాలా తక్కువ. డాక్టరు చెప్పిన హద్దుకు సగం కూడా లేదు. కానీ ఇది నా వేలిది కాదు. వేలిని కడిగేశాం.

బయటికి నడిచింది ఆరడుగులు కూడా ఉండదు. ఆ ఆరడుగుల్లో బేరం మొత్తం ఆడేశాను. సున్నా అని చెప్పొచ్చు. పొద్దున దాటిందని తెలిసిన మనిషికి ఇప్పుడు సున్నా అంటే పండగ. తర్వాతి మూడు నెలలు ఆయన నిశ్చింతగా అంగట్లో కూర్చుంటాడు. అప్పుడు చూసుకోవచ్చు. ఎనిమిది ఎంత, ఉప్పు పొట్లం కట్టేటప్పుడు కింద రాలేంత. చెయ్యి కాలర్ మీదికి పోతోందని గమనించి దించుకున్నాను.

"పాయింట్ సున్నా ఎనిమిది చిన్నాయనా."

"ముందు ఎంతుండె?"

"ముందు లేదు."

"అంటే కొత్తగా వచ్చింది."

"వచ్చింది."

కందిపప్పు పెద్దాయన మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, లేచి లోపలికి రక్తం ఇవ్వడానికి పోయాడు.

"పాయింట్ రెండుకు చాలా దూరం ఉంది" అన్నాను. "మూడు నెలలు ఆగొద్దు. ఆరు వారాలకే మళ్లీ చూద్దాం. లేదంటే నెలకు. పెరుగుతోందా, అక్కడే ఉందా చూసి, అప్పుడు…"

"కర్నూలుకు ఫోన్ చెయ్యి. డాక్టరు ఎప్పుడు సూస్తాడో అడుగు."

"ఇప్పుడేనా? నువ్వే కదా కరెంటు వద్దన్నది?"

చిన్నాయన ఒళ్లో పడిన శనగ పొట్టు ఒక్కొక్కటిగా ఏరి, కాగితంలో వేశాడు.

"పొద్దున టీ తాగేటప్పుడు ఒప్పుకున్నాలేరా. ఆ గ్లాసు అయిపోయేలోపల ఎంత కష్టపడి ఒప్పుకున్నానో నాకే తెల్సు. ఆమె చెప్పులు, ఆ గది, అంతా కండ్ల ముందరకొచ్చె. అయినా సరేలే అనుకుంటి. ఇప్పుడు నువ్వు ఆరు వారాలంటావు, నెలంటావు. అప్పుడు మళ్లీ మొదట్నించీ ఒప్పుకోవల్లంటే నా సేత గాదు. అక్కర్లేదని డాక్టరే అంటే అననీ. పోదాం."

ఆయనతో వాదించాలనిపించలేదు. ఏమీ అనిపించలేదంటే ఇంకా నిజం. లోపల ఎక్కడో ఏదో జరుగుతూ ఉండాలి. దాన్ని కొలిచే మెషీన్ నా దగ్గర లేదు. ఫోన్ తీసి కర్నూలు ఆస్పత్రి నంబరు కొట్టాను. అటు నుంచి ఒక ఆడమనిషి పేషెంటు పేరు అడిగి, వయసు అడిగింది.

"వయసెంత చిన్నాయనా? అరవై తొమ్మిది కదా?"

"అరవై ఆరని రాయించు."

"ఆధార్‌లో ఉంటుంది కదా!"

"ఆధార్ అడిగినప్పుడు సూద్దాం. ముసలోడని తెలిస్తే మనల్ని సరిగా సూడరు."

ఆమె అటు నుంచి హలో హలో అంటోంది. నేను అరవై ఏడని చెప్పాను. సోమవారం రమ్మంది.